ఆవిరి: తెరవండి

వదిన లెక్కలో పనులు రెండు రకాలు. చేసిన చోటే అయిపోయేవి కొన్ని, ఒకసారి చేస్తే పదిచోట్ల పనికొచ్చేవి కొన్ని. దర్జీ కుట్టిన చొక్కా ఒక్క ఒంటికే పడుతుంది. అచ్చులో పోసిన గుండీ ఏ చొక్కాకైనా పడుతుంది. బుర్రున్నవాడెవడైనా గుండీల వైపే ఉంటాడని ఆమె నమ్మకం. అందుకే ఆమెకు కేటలాగంటే అంత మురిపెం.

ఆమె పనిలో కేటలాగంటే ధరల పుస్తకం కాదు. లాండ్రీలకు పెద్దపెద్ద యంత్రాలు చేసే ఒక కంపెనీ ఆమెకు పని ఇచ్చేది. ఆ యంత్రాల ముందు చిన్న తెర ఉంటుంది. నీళ్ళు నిండుతున్నాయనో, మూత సరిగ్గా పడలేదనో దాని మీద కనబడుతుంది. యంత్రానికి పుట్టుకతో వచ్చిన భాష ఇంగ్లీషు. దాని మాటలన్నీ ఏరి ఒక ఫైల్లో పెడతారు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, ఎదురుగా కుడివైపు మన మాట. తెర మీద ఏదైనా చూపించాల్సి వచ్చినప్పుడు యంత్రం ఎడమవైపు వెతుక్కుని, కుడివైపు ఏముంటే అది చూపిస్తుంది. ఆ ఫైలే కేటలాగ్. ఒకే మాట యంత్రంలో ఎన్నిచోట్ల వచ్చినా కేటలాగులో దానికి ఒక్కటే వరస. ఆ ఒక్క వరస దిద్దితే అన్నిచోట్లా దిద్దుకున్నట్టే. గుండీల వ్యాపారమంటే అది.

మాటలు రాసేది ఆమె ఆడపడుచు. కంపెనీ నుంచి వచ్చిన కొత్త మాటల్ని పాత కేటలాగుతో కలపడం, ఖాళీలు మిగలకుండా చూడడం, సరిచూసి పంపడం వదిన పని. ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురు బల్లల మీద కూర్చునేవాళ్ళు. కింద కుట్టుమిషన్ల మెకానిక్కు షాపు. పైన వీళ్ళ గది. ఆడపడుచు ప్రతి మాటకూ "వదినా, వదినా" అంటుంటే ఫోనులో విన్న కంపెనీ ఇంజనీరుకు కూడా అదే అలవాటై "వదినగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆమె అందరికీ వదినే అయిపోయింది. ఆడపడుచుకు పంతులమ్మ అన్న పేరు మాత్రం చిన్నప్పుడే వచ్చింది. ఎదుటివాళ్ళ మాటలో తప్పు కనబడితే ఆమె అన్నం ముందు కూర్చుని కూడా దిద్దేది.

ఆమధ్య ఒకసారి పరువు పోయింది. ఇంగ్లీషులో ఇనుముకూ ఇస్త్రీకీ మాట ఒక్కటే. వేరే యంత్రం కేటలాగు నుంచి తెచ్చిన వరసను వదిన సరిచూడకుండా కలిపేసింది. దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం తెర మీద "ఇనుము మొదలైంది" అని వచ్చింది. లాండ్రీ వాళ్ళు పడీపడీ నవ్వారట. ఇంజనీరు కూడా నవ్వాడు గానీ, ఫోను పెట్టేసే ముందు ఒక మాట అన్నాడు.

"ఇంకోసారి ఇలాంటిది జరిగితే పని వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది వదినగారూ. నా చేతుల్లో ఉండదు."

ఆ దెబ్బతో పంతులమ్మకు పౌరుషం వచ్చింది. పాత కేటలాగంతా దులిపేసింది. అది వీళ్ళకంటే ముందు ఎవరో చేసిన పని. సగం ఇంగ్లీషు మాటలే మన అక్షరాల్లో రాసి పెట్టేశారు. ఓపెన్, లోడ్, డ్రై, స్టాప్.

"ఇది అనువాదమా? గోడకు సున్నం కొట్టమంటే పాత మరకల మీదే చీపురు ఊపి పోయారు," అంది పంతులమ్మ. "ఓపెన్ అట. మనకు మాట లేకపోతేగా?"

"లాండ్రీలో అందరూ ఓపెన్ అనే అంటారట. మీ అన్నయ్య చెప్పారు," అంది వదిన.

"అన్నయ్య అన్నవన్నీ రాస్తే తెర మీద బూతులు కూడా వస్తాయి."

వదిన నవ్వి వదిలేసింది. పంతులమ్మ 'ఓపెన్' తీసి 'తెరవండి' అని పెట్టింది. మర్యాదగా ఉంది, అర్థమయ్యేలా ఉంది. వదిన చూసింది, సరేననుకుంది, నిన్న ఉదయం కేటలాగు పంపించేసింది. దాన్ని కొత్త యంత్రాల్లోకి ఎక్కించి ఇవాళ ఒక పెద్ద లాండ్రీలో మొదలుపెడతారు. ఆ లాండ్రీ వీళ్ళింటికి కొత్తది కాదు. వదిన భర్త అందులోనే ఆవిరి యంత్రాల దగ్గర పని చేస్తాడు.

ఇవాళ పొద్దున్న ఆయన టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "ఇన్నాళ్ళూ ఇంట్లోనే నీ మాట వినేవాడిని. ఇకనుంచి అక్కడ కూడానా," అని నవ్వి వెళ్ళాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి కింది షాపు మెకానిక్కు ఒక అట్టముక్క పట్టుకుని పైకి వచ్చాడు.

"పంతులమ్మగారూ, చిన్న సాయం చెయ్యాలి. గాలికి నా షాపు తలుపు మూసుకుపోతోంది. మూసేశాననుకుని జనం వెనక్కి పోతున్నారు. ఓపెన్ అని ఇంగ్లీషు బోర్డు తగిలించాను గానీ ఎవడూ దాని మొహం చూడట్లేదు. మన భాషలో రాసి పెట్టండి, కాస్త పెద్ద అక్షరాలతో."

పంతులమ్మ లావుపాటి పెన్ను తీసి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, గుండ్రంగా రాసింది: తెరిచి ఉంది.

వదిన తన కంప్యూటరు మీంచి తల పక్కకు వంచి చూసింది. "అదేంటి? ఓపెన్ అంటే తెరవండి అని కదా మనం రాస్తున్నది. ఒకే మాటకు రెండు రకాలేంటి?"

"అయ్యో వదినా, షాపు తలుపు మీద తెరవండి అని రాస్తే షాపు మూసుందనేగా అర్థం? వచ్చినవాళ్ళే తెరుచుకోవాలి."

మెకానిక్కు గట్టిగా నవ్వాడు. "అలా రాయకండమ్మా, నా తలుపు ఊడిపోతుంది." అట్టముక్క ఊపుకుంటూ మెట్లు దిగిపోయాడు.

వదిన నవ్వలేదు. కేటలాగు తెరిచి 'ఓపెన్' వరస దగ్గరకు వెళ్ళింది. ప్రతి మాట కింద ఆ మాట యంత్రంలో ఎక్కడెక్కడ వస్తుందో సన్నటి బూడిదరంగు అక్షరాల్లో రాసి ఉంటుంది. మొదటి చోటు: మూత మీట. అది ఆమె ఎప్పుడో చూసింది. మూత తీయడానికి నొక్కే మీట మీద తెరవండి అంటే తప్పేముంది? కానీ ఆ బూడిదరంగు గీత అక్కడితో ఆగలేదు. కంప్యూటరు తెర అంచు దాటి పక్కకు పోయింది. ఆమె దాన్ని జరిపి చూసింది. రెండో చోటు: ఆవిరి గొట్టం, స్థితి.

అంటే యంత్రంలోకి ఆవిరి వెళ్తున్నంతసేపూ, గొట్టం తెరిచే ఉందని చెప్పాల్సిన చోట, తెర మీద ఇలా ఉంటుంది. ఆవిరి: తెరవండి.

ఆ మాట చదివిన మనిషి ఏం చేస్తాడో వదినకు తెలుసు. ఆమె మొగుడు అన్నం తింటూ చెప్పే కబుర్లన్నీ ఆ ఆవిరి గురించే. పాత యంత్రాల్లో ఆవిరి గొట్టాన్ని చేత్తో తిప్పే తెరవాలి. పక్కనే ఇనప చక్రం ఉంటుంది. చేతికి గుడ్డ చుట్టుకుని తిప్పుతారు. కొత్త యంత్రంలో గొట్టం దానంతట అదే తెరుచుకుంటుంది. చక్రం మాత్రం తీసెయ్యలేదు, రిపేరు వాళ్ళ కోసం ఉంచారు. లోపల ఆవిరి నిండి ఉన్నప్పుడు దాన్ని తిప్పితే ఆవిరి డ్రమ్ములోకి పోదు. పక్క గొట్టంలోంచి, తిప్పిన మనిషి చేతుల మీదికి, మొహం మీదికి వస్తుంది. ఆయన ఎడమ మణికట్టు మీద చర్మం ఇప్పటికీ నున్నగా, మెరుస్తూ ఉంటుంది. పాత యంత్రం ఒకసారి పక్కకు వదిలిన చిన్న బుస అది. అప్పుడు చాలా రోజులు వదినే ఆయనకు చొక్కా గుండీలు పెట్టింది.

"పంతులమ్మా, ఇటు రా."

గొంతు విని పంతులమ్మ పెన్ను మూత పెట్టకుండానే లేచి వచ్చింది. తెర మీద చూసింది. చదవడం అయ్యాక కూడా వంగిన నడుము ఎత్తలేదు.

"ఒకే వరస," అంది చివరికి. "రెండు చోట్లకీ ఒకే వరస ఇచ్చారు. నాకెలా తెలుస్తుంది వదినా? నాకు కనబడింది మీట ఒక్కటే."

"నిన్నేమీ అనట్లేదు. మాట నీది. ఒకే మాటకు ఒకే అనువాదం అని పట్టుబట్టింది నేను. పంచుకుంటే ఎవరి వాటా వాళ్ళకు వస్తుంది. ముందు ఫోను చెయ్యనీ."

భర్త ఫోను మోగి మోగి ఆగిపోయింది. యంత్రాల గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, బయట లాకర్లో పెట్టి తాళం వెయ్యాలి. లాండ్రీ ఆఫీసుకు చేసింది. ఎత్తినావిడ, "ఇవాళ కొత్త మిషన్లమ్మా, అందరూ లోపలే ఉన్నారు, కంపెనీ ఇంజనీరు కూడా వచ్చాడు, సాయంత్రం చెయ్యండి," అని పెట్టేసింది.

ఇంజనీరు అక్కడే ఉన్నాడన్నమాట. కంపెనీ మనిషి కాబట్టి ఆయన ఫోను దగ్గరే ఉంటుంది. వదిన బొటనవేలు ఆయన నంబరు మీదికి వెళ్ళి ఆగింది.

పంతులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగు వదినా. ఆయనకు చెప్పామంటే ఈ గది ఖాళీ చేసుకోవడమే. మొన్న ఇనుము, ఇవాళ ఇది. అన్నయ్యకు ఒక్కడికి చెబితే చాలదా? ఆ చక్రం ముట్టుకోకు అని చెబుదాం. మనం ఇక్కడ దిద్ది, ఇంకా కొన్ని మాటలు బాగుచేశాం అని కొత్త ఫైలు పంపుదాం. ఎక్కించేసుకుంటారు. ఎవరికీ తెలియదు."

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. బేరం బాగానే ఉన్నట్టు కనబడింది. మొగుడి చేతులు దక్కుతాయి, పని దక్కుతుంది, పరువు దక్కుతుంది. చెప్పులేసుకుని మెట్లు దిగింది. కింద మెకానిక్కు షాపు తలుపుకు పంతులమ్మ రాసిన అట్టముక్క వేలాడుతోంది. దానివైపు చూడకుండా దాటిపోయింది.

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఎవరో ముసలావిడ ఎక్కడానికి ఒక కాలు పైన పెట్టి, సంచి కోసం మళ్ళీ దిగింది. డ్రైవరు తొందరపడలేదు. వదిన ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఆవిరి చక్రం లాగే ఆ కమ్మీ కూడా గుండ్రంగా ఉంది. అది గమనించి చెయ్యి తీసేసింది. ఇప్పుడు యంత్రం మొదలుపెట్టి ఉంటారా? ఆయన తెర ముందు నిలబడి ఉంటాడా? చేతికి గుడ్డ చుట్టుకుంటున్నాడా? వేరే ఎవరు రాసినా ఆయన ఒకసారి ఆలోచిస్తాడు. ఇంట్లోవాళ్ళు రాసినది కాబట్టి ఆలోచించడు. అది గుర్తొచ్చేసరికి ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి, దిగే చోటు ఇంకా చాలా దూరం ఉండగానే వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

లాండ్రీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం పనమ్మా?"

"మా ఆయనకు ఒక మాట చెప్పాలి. ఆవిరి మిషన్ల దగ్గర చేస్తారు."

"ఆ మాట సాయంత్రం ఇంట్లో చెప్పుకోకూడదా?"

"సాయంత్రానికి ఆలస్యమైపోతుంది."

"ఇక్కడికొచ్చే ఆడవాళ్ళందరూ అదే అంటారు. ఏం మునిగిపోదు లెండి."

"బాబూ, నేను ఆ మిషన్ల మాటలు రాసేదాన్ని. కొత్త మిషన్ల స్క్రీను మీద వచ్చే మాటలు. కావాలంటే ఇంజనీరుగారిని అడుగు," అంది. అనేశాక నాలుక కరుచుకుంది. ఇంజనీరుకు తెలియకుండానే కదా పని చక్కబెట్టుకోవాలని వచ్చింది.

వాచ్‌మన్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఇనుము అని రాసింది మీరేనా?"

"నేనే."

"ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళండి," అన్నాడు నవ్వు ఆపుకుంటూ. "మమ్మల్ని బాగా నవ్వించారు."

లోపల గాలి తడిగా, వేడిగా ఒంటికి అతుక్కుంది. సబ్బు వాసన ముక్కులో మంటపెట్టింది. ఆసుపత్రుల దుప్పట్లు తోపుడు బళ్ళ మీద కొండల్లా పడి ఉన్నాయి. యంత్రాల హోరులో మనిషి పక్కనే నిలబడి అరిచినా సగమే వినబడుతుంది. ఆమె బళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ పోయింది. ఆయన ఒక మూల బల్ల దగ్గర దుప్పటి కొసలు పట్టుకుని మడతపెడుతున్నాడు. రెండు చేతులూ శుభ్రంగా, పొడిగా, దుప్పటి అంచుల మీద ఉన్నాయి. వదినకు పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది.

"నువ్వేంటి ఇక్కడ? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" ఆయన దుప్పటి వదిలేశాడు.

"ఏవండీ, మీ కొత్త మిషను..." ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. తెర మీద ఆవిరి తెరవండి అని వస్తే తెరవొద్దని, అది తెరిచే ఉందని, రాయడంలో పొరపాటు జరిగిందని, ఎవరికీ చెప్పొద్దని.

ఆయన మొహంలో కంగారు తగ్గింది. "ఇంతేనా? నా మిషనుకు ఇంకా కరెంటే ఇవ్వలేదు. రేపిస్తారు. దీనికోసం బస్సెక్కి వచ్చావా?"

ఆమె బల్ల అంచుకు ఆనుకుంది. లెక్క సరిపోయింది. ఇక ఇంటికి వెళ్ళి, వరస దిద్ది, ఫైలు పంపితే...

"ఇవాళ మొదలుపెట్టింది బాబాయి మిషను ఒక్కటే," అంటున్నాడు ఆయన. "పాపం, ఆ స్క్రీను చూసి బాబాయి పొద్దున్నుంచీ వణుకుతున్నాడు. నేనే ధైర్యం చెప్పాను. బాబాయ్, నువ్వేమీ ఆలోచించకు, స్క్రీను మీద ఏం రాసుంటే అది చెయ్యి, అవి మా ఇంటావిడ సరిచూసి పంపిన మాటలు, అందులో తప్పుండదు అని."

ఆ మాట ఆయన నోట్లోంచి పూర్తిగా వచ్చాక, ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు.

బాబాయి అంటే వాళ్ళ సొంత బాబాయి కాదు. గుబురు మీసాలు, వంగిన భుజాలు, లాండ్రీలో అందరికంటే పాత మనిషి. అందరికీ బాబాయే. హాలు అవతలి చివర, కొత్త యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. ఆయన వెనకే ఇంజనీరు చేతులు కట్టుకుని, పెళ్ళికూతుర్ని చూపిస్తున్న తండ్రిలా గర్వంగా నిలబడ్డాడు. యంత్రం తిరుగుతోంది. తెర మీద పచ్చటి అక్షరాలు ఇంత దూరానికి కనబడవు. కనబడాల్సిన అవసరం కూడా లేదు. బాబాయి కళ్ళు చికిలించి తెరను చదివాడు. మళ్ళీ చదివాడు. బుద్ధిగా తల ఊపాడు. భుజం మీది గుడ్డ తీసి కుడిచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"బాబాయ్!" వదిన అరిచింది. "ముట్టుకోవద్దు!"

హోరులో ఆ కేక ఆమెకే వినబడలేదు. కాళ్ళు ముందుకు పడ్డాయి గానీ మధ్యలో బట్టల బండి అడ్డం వచ్చింది. బాబాయి గుడ్డ కొసను వేళ్ళ మధ్య బిగించి, చక్రం మీద చెయ్యి వేశాడు.

భర్త బాబాయి వైపు పరుగెత్తలేదు. దగ్గర్లో ఉన్న స్తంభం వైపు వెళ్ళి దాని మీది ఎర్ర బొత్తాన్ని అరచేత్తో గుద్దాడు.

హాలు మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. ఆవిరి దారి మూసుకుని గొట్టాలు చల్లబడుతూ టకటకలాడాయి. అంతమంది మనుషులు ఉన్నారని వదినకు అప్పుడే తెలిసింది. అందరూ వీళ్ళవైపే చూస్తున్నారు. బాబాయి చెయ్యి ఇంకా చక్రం మీదే ఉంది. తిప్పలేదు.

"ఎవరు ఆపింది?" ఇంజనీరు గొంతు ఇటు చివరి దాకా వినబడింది.

"నేనే సార్," అన్నాడు భర్త. "చెయ్యి తగిలింది."

"చెయ్యి తగలడానికి అదేమన్నా తలుపు గడియా? మొదటి లోడు నడుస్తుంటే..." ఇంజనీరు విసుక్కుంటూ గడియారం చూసుకున్నాడు. "సరే, సరే. మళ్ళీ మొదలుపెట్టండి బాబాయ్. ఇక్కడ అయ్యాక మిగతా ఊళ్ళ మిషన్లకు కూడా ఇవాళే ఇదే ఫైలు పంపాలి."

భర్త వదిన వైపు తిరక్కుండానే, నడుము దగ్గర చెయ్యి పెట్టి వేళ్ళు కదిలించాడు. వెళ్ళిపో అని. తప్పు తన మీద వేసుకున్నాడు, చీవాట్లు తన ఖాతాలో పడ్డాయి. ఇప్పుడు ఆమె గేటు దాటి వెళ్ళిపోతే, ఆయన బాబాయి చెవిలో ఒక మాట వేస్తాడు. పంతులమ్మ వరస దిద్దుతుంది. ఇంతవరకూ అన్నీ సరిపోతున్నాయి. కానీ మిగతా ఊళ్ళలో తెర చదివి, తల ఊపి, భుజం మీది గుడ్డ తీసేవాళ్ళ చెవిలో మాట వేసేవాడు ఎవడు? ఒక్క వరస దిద్దితే అన్నిచోట్లా దిద్దుకున్నట్టే అని ఆమె ఇన్నాళ్ళూ మురిసింది. ఒక్క వరస తప్పితే అన్నిచోట్లా తప్పినట్టే అన్నది కూడా అదే లెక్క. రెండో వైపు ఆమె ఎప్పుడూ తిప్పి చూడలేదు.

"మొదలుపెట్టొద్దు," అంది.

ఇంజనీరు అప్పుడు చూశాడు ఆమెను. "వదినగారా? మీరు ఎప్పుడొచ్చారు? ఫోనులో గొంతు విని ఇంకా పెద్దావిడ అనుకున్నాను."

"ఆయన చెయ్యి తగల్లేదు. కావాలనే ఆపారు. బాబాయిగారు ఆ చక్రం తిప్పబోతుంటే."

"చక్రం ఎందుకు తిప్పుతాడు?" ఇంజనీరు బాబాయి వైపు తిరిగాడు. "బాబాయ్, దాన్ని ముట్టుకోవద్దని చెప్పానుగా?"

"మీరు ముట్టుకోవద్దన్నారు," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "స్క్రీను తెరవమంది. స్క్రీను చెప్పినట్టు వినమని కూడా మీరే అన్నారు. మీరు ఒకసారి చెప్పారు, అది ఆగకుండా చెబుతానే ఉంది. తెరవండి తెరవండి అని. బతిమాలుతున్నట్టు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. ఆయనకు మన భాష మాట్లాడడం వచ్చు గానీ చదవడం అంతంతమాత్రం. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాడు. ఆ తర్వాత చక్రం వైపు చూశాడు, పక్క గొట్టం మూతి ఎటువైపు తిరిగి ఉందో చూశాడు. ఆయన మొహం తెల్లబోయింది.

వదిన అంతా చెప్పింది. ఒకే మాట, ఒకే వరస, రెండు చోట్లు. ఒకచోట మీట, ఒకచోట కబురు. ఇంగ్లీషులో రెంటికీ చెల్లే మాట మన భాషలో రెండుగా చీలిపోతుందని, అది తను చూసుకోవాల్సిందని, చూసుకోలేదని.

"ఇది ఇనుము లాంటిది కాదు వదినగారూ," అన్నాడు ఇంజనీరు. "దానికి నవ్వాం."

"తెలుసు."

"ఒక వరసను రెండు చెయ్యాలంటే మిషను లోపలి ప్రోగ్రాము మార్చాలి. అది మా వాళ్ళ పని, వారం పైనే పడుతుంది. ఇప్పుడు ఏం చేద్దామంటారు? మిషను ఆపి కూర్చోమంటారా?"

వదిన కళ్ళు మూసుకుని రెండు చోట్లకూ పడే మాట కోసం వెతికింది. తెరిచి. తెరుపు. తీసి. ఒకటి మీటకు కుదిరితే ఆవిరికి కుదరదు, ఆవిరికి కుదిరితే మీటకు కుదరదు. తర్వాత కళ్ళు తెరిచి, "మీ ఫోను ఒకసారి ఇవ్వండి," అంది. పంతులమ్మ వెంటనే ఎత్తి, వదిన గొంతు వినగానే అడిగింది.

"అన్నయ్య?"

"బాగానే ఉన్నారు. విను. ఆ వరసలో తెరవండి తీసెయ్. పాత మాట పెట్టు."

"ఏ పాత మాట?"

"నీకు తెలుసు. ఓపెన్."

"వదినా, నన్ను నా చేత్తో..."

"నీ చేత్తోనే. షాపు ఓపెనా అంటే తెరిచి ఉందా అని. మూత ఓపెన్ చెయ్ అంటే తెరవమని. రెండిటికీ చెల్లుతుంది. అది మరక కాదు పంతులమ్మా, ఎవరో తెలిసే పెట్టారు. వరస దిద్ది, మిషనుకు ఎక్కేలా ఫైలు చేసి, ఇంజనీరుగారికి పంపు. ఇప్పుడే."

"పంపుతున్నా," అంది పంతులమ్మ. కీబోర్డు మీద నాలుగు టక్కులు గట్టిగా వినబడ్డాయి, ఎవరినో మొట్టినట్టు.

ఫైలు వచ్చేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. ఇంజనీరు దాన్ని ఎక్కించి, బాబాయిని పక్కకు జరిపి, చక్రానికీ యంత్రానికీ మధ్య తనే నిలబడి మొదలుపెట్టాడు. యంత్రం గురగురలాడింది. నీళ్ళు నిండాయి. ఆవిరి బుస్సుమంటూ లోపలికి వెళ్ళింది. తెర వెలిగింది. ఆవిరి: ఓపెన్.

"ఏమంటోంది బాబాయ్?" అడిగింది వదిన.

బాబాయి కళ్ళు చికిలించాడు. "ఓపెన్ అంటోంది. ఓపెనైతే ఇక నాకేం పని?" చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, భుజం మీద వేసుకున్నాడు.

వదిన మొగుడు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన ఎడమ చెయ్యి ఆమె చేతికి తగిలింది. ఆ నున్నటి చర్మం చల్లగా ఉంది.

ఇంజనీరు చెమట తుడుచుకుని ఆమె దగ్గరకు వచ్చాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కానీ నేను పైవాళ్ళకు రాయాలి. రాశాక మీ పని సంగతి ఏమవుతుందో నేను చెప్పలేను."

"రాయండి. తప్పు ఎక్కడ పడిందో కూడా వివరంగా రాయండి. లేకపోతే మా తర్వాత వచ్చేవాళ్ళు కూడా ఈ గుంటలోనే పడతారు."

ఆయన తల ఊపాడు. తర్వాత, ఆమె పొద్దున్నుంచీ ఎవరూ అడగకూడదని కోరుకుంటున్న ప్రశ్న అడిగాడు.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి అందులో?"

వదినకు ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉండేది. ఎన్ని వరసలు, ఎన్ని ఖాళీలు, ఎన్ని పాతవి, ఎన్ని కొత్తవి, నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

"తెలియదు," అంది. "కూర్చుని చూస్తే తెలిసేవి కావు అవి. మిషను నడిపిస్తూ చూడాలి. అన్నీ."

"అన్నీ అంటే?"

"అన్నీ. మిగతా ఊళ్ళకు పంపకండి."

ఇంజనీరు యంత్రం వైపు, ఆమె వైపు, కొండల్లా పేరుకున్న దుప్పట్ల వైపు చూసి, నిట్టూర్చి ఫోను తీసి ఎవరికో 'ఆపండి' అని చెప్పడానికి పక్కకు వెళ్ళాడు. బాబాయి ఒక స్టూలు తెచ్చి తెర ముందు వేశాడు. వదిన కూర్చుంది. ఈ మాటలతో ఇన్నాళ్ళు కాపురం చేసింది గానీ, వాటిని యంత్రం నోట ఆమె చదవడం ఇదే మొదలు. తెర ఎత్తు ఆమె అనుకున్నదానికంటే తక్కువ. అక్షరాలు చిన్నవి. ఆవిరి తగిలి అద్దం మసకబారితే బాబాయి మాటిమాటికీ గుడ్డతో తుడుస్తున్నాడు.

"తర్వాతది నొక్కండి బాబాయ్."

నొక్కాడు. బాగానే ఉంది. మళ్ళీ నొక్కాడు. అదీ బాగానే ఉంది. డ్రమ్ము తిరిగి తిరిగి ఆగింది. లోపల దుప్పట్లు పొడిగా, తేలిగ్గా ఒకదాని మీద ఒకటి కూలబడ్డాయి. తెర మీద కొత్త మాట వచ్చింది. బాబాయి వంగి చదివాడు.

"ఆరబెట్టండి," అన్నాడు. దుప్పట్ల వైపు చూశాడు. మళ్ళీ తెర వైపు చూశాడు. "అమ్మాయ్, ఇవి ఆరిపోయాయిగా? మళ్ళీ ఆరబెట్టమంటుందేంటి?"

పాత 'డ్రై' గుర్తొచ్చి, వదిన ఇంజనీరు ఫోను కోసం చెయ్యి చాచింది.